ఆచార్య నాగార్జునుని జాబు

నాగార్జునసాగరము పేరు వినని తెలుగువారుండరు. మన చోళపురము పిల్లలలో కృష్ణానదిని కన్నులార చూచినవారు కొలదిమందియే యైనను, ఆ ఆనకట్ట పేరు వినియే యుందురు. 1955వ సంవత్సరమున దానికి పునాదిరాయి వేసిరి. లోయ నీట మునుగక పూర్వమే త్రవ్వకములు జరిపి, అచట బయల్పడిన బౌద్ధశిల్పములను, శాసనములను కొండమీదికి చేర్చిరి. నేడా కొండ నీటినడుమ ద్వీపమైనది. దానికి నాగార్జునకొండ యని పేరు. ఆ పేరుగల ఆచార్యుడెవరో, ఆయన ఒక గృహస్థునకు ఏమి వ్రాసెనో మన బాలబాలికలకును, వారి తల్లిదండ్రులకును తెలుపదలచితిమి.

నాగార్జునుడు క్రీస్తుశకము 2వ శతాబ్దమువాడని పలువురు పండితుల అభిప్రాయము. ఆయన జీవితమును గూర్చి శాసనములకంటె కథలే ఎక్కువగా నిలిచినవి. వానిలో మిక్కిలి పాతది చీనాభాషలో కలదు. 5వ శతాబ్దపు ఆరంభమున కుమారజీవుడను పండితుడు దానిని ఆ భాషలోనికి తెచ్చెనని చెప్పుదురు. ఆ కథ ప్రకారము నాగార్జునుడు దక్షిణదేశమున బ్రాహ్మణకుటుంబమున పుట్టెను. పసితనముననే వేదములు విని నేర్చెను. విద్యతోపాటు గర్వమును పెరిగెను. ముగ్గురు మిత్రులతో కూడి, కంటికి కనబడకుండు విద్యను సంపాదించి, రాజాంతఃపురమున ప్రవేశించి అనుచితముగా ప్రవర్తించెను. రాజభటులు నేలపై సన్నని ఇసుక చల్లి అడుగుజాడలను కనిపెట్టిరి. శూన్యములో కత్తులు ఝళిపించిరి. మిత్రులు ముగ్గురును కూలిరి. నాగార్జునుడొక్కడు రాజు ప్రక్కనే ఊపిరి బిగబట్టి నిలిచి బ్రతికెను. కోరికయే దుఃఖమునకు మూలమని ఆయనకు అప్పుడు తోచినదట. అటుపిమ్మట ఆయన భిక్షువాయెను. మహాపురుషుల చరిత్రలలో ఇట్టి భాగములను దాచువారు కలరు. మేము దాచలేదు, ఏలయన ఈ కథ తెలియనిచో ఆయన జాబులోని కొన్ని మాటల బరువు తెలియదు.

ఆయన స్థాపించిన మాధ్యమిక దర్శనము పెద్ద పండితులకే కొరుకుడు పడదు గనుక దానిని విడిచెదము. అట్టి శాస్త్రకారుడు మిత్రుడైన శాతవాహనరాజునకు శ్లోకములలో ఒక జాబు వ్రాసెను. దానికి సుహృల్లేఖ యని పేరు. టిబెట్టు ప్రతిలో 123 శ్లోకములున్నవి. ఇల్లు విడువని వానికి పనికివచ్చు మాటలు అందు పెక్కు గలవు. తల్లిదండ్రులను పూజించు ఇంట బ్రహ్మయు, గురువులును నివసింతురని చెప్పెను. పరస్త్రీలను వయస్సునుబట్టి తల్లిగా, బిడ్డగా, తోబుట్టువుగా తలంపుమనెను. అంతఃపురపు కథ ఎరిగిన మనకు ఈ మాట ఊరక వ్రాసినదిగా తోచదు. జూదము, మద్యము, సోమరితనము, దుష్టసహవాసము, రాత్రి తిరుగుళ్లు కూడదనెను. తృప్తియే అన్నింటికంటె గొప్ప ధనమనెను. పడగలు ఎక్కువైనకొలది నాగునకు బాధ ఎక్కువైనట్లు, ఆస్తి ఎక్కువైనకొలది మనుష్యునకు బాధ యెక్కువ యనెను.

మనుష్యులను మామిడిపండ్లతో పోల్చిన చోటు మన రాజపాళయము పిల్లలకు వెంటనే తెలియును. పండినట్లు కనబడి లోన పచ్చిగా నుండునవి కొన్ని. పచ్చిగా కనబడి లోన పండినవి కొన్ని. లోపల వెలుపల పచ్చివి, లోపల వెలుపల పండినవి మరికొన్ని. తోపులో కాయను నొక్కి చూచిన పిల్లవానికి దీనిని వివరింప పనిలేదు. మనస్సునకు చెప్పిన ఉపమానము ఇంకను సొగసైనది. కొందరి మనస్సుపై భావములు నీటిమీది గీతవలె, కొందరికి మట్టిమీది గీతవలె, కొందరికి రాతిమీది గీతవలె నుండును. కోపము నీటిమీది గీతగాను, మంచి చేయవలెనను తలంపు రాతిమీది గీతగాను ఉన్న మేలు. అన్నదమ్ములు గట్టు తగవులతో ఏండ్లకొలది మాటలాడుకొనని ఇండ్లను మేమెరుగుదుము.

భార్యలలో మెచ్చదగినవారు, తగనివారు అని ఆయన విభజించిన చోట భర్తల విభజన లేకుండుట మాకు కొరతగానే తోచినది. ఆ కొరతను బుద్ధభగవానుడు సిగాలుడను గృహస్థునకు చేసిన బోధ తీర్చుచున్నది: భార్యను గౌరవింపవలెను, కించపరుపరాదు, ఆమెకు ద్రోహము చేయరాదు, ఇంటి పెత్తనమీయవలెను, నగలును పెట్టవలెను. నాగార్జునుడు చివర స్నేహితుని భయపెట్టక, ఇవన్నియు భిక్షువులకే కష్టములు గనుక చేయగలిగినదానిని పట్టుకొని జీవితమును సార్థకము చేసికొమ్మని వ్రాసెను.

671లో స్వదేశము విడిచి 695లో తిరిగి వెళ్లిన ఇత్సింగను చీనా యాత్రికుడు, మన దేశమున విద్యార్థులు చదువు తొలిదినములలోనే ఈ జాబును వల్లించుచుండిరని వ్రాసెను. అయినను సంస్కృతమూలము మనకు సంపూర్ణముగా దక్కలేదు. తాతలు తెలుగున వ్రాసిన జాబులు పెట్టెలలో నుండగా, వానిని చదువలేని మనుమలున్న ఇండ్లు మన ప్రాంతమున లేకపోలేదు; గ్రంథములు పోవుటయు ఇట్లే మొదలగును గాబోలు. సుహృల్లేఖను చీనా, టిబెట్టు భాషల అనువాదములు కాపాడినవి. 1959 తరువాత శరణార్థులై వచ్చి, కర్ణాటకమందలి బైలకుప్పె మున్నగు చోట్ల స్థిరపడిన టిబెట్టు భిక్షువులు దానిని తమ భాషలో వెంట తెచ్చుకొనిరి. దక్షిణదేశమున వ్రాసిన జాబు అట్లు దక్షిణదేశమునకు తిరిగి వచ్చినది.