చార్లీ చాప్లిన్: రేవులోని వీడ్కోలు

చిన్న మీసము, బిగుతు కోటు, వదులు పంట్లాము, చేతికఱ్ఱ - ఈ వేషముతో లోకమునెల్ల నవ్వించిన చార్లీ చాప్లిన్ 1889 ఏప్రిల్ 16వ తేదీన జన్మించెను. లండనులోని పేదవాడలలో అతని బాల్యము గడచెను. నాటకబృందముతో అమెరికా చేరి, 1914లో తొలిసారి తెరపై కనబడెను. మాటలులేని చిత్రములగుటచే భాష రానివారును, చదువు లేనివారును వానిని చూచి నవ్విరి, కంటతడి పెట్టిరి.

సుమారు 40 ఏండ్లు అమెరికాలో నివసించియు చాప్లిన్ ఆ దేశపు పౌరసత్వమును స్వీకరింపలేదు. అది వివేకమో మొండితనమో గాని, చట్టము దృష్టిలో అతడచట ఎన్నడును పరదేశియే. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప అమెరికాలో కమ్యూనిస్టులను గూర్చిన భయము ప్రబలెను. చాప్లిన్ భావములను, సొంత జీవితమును గూర్చి నిందలు పత్రికలకెక్కెను. 1947లో ‘మొస్యూ వెర్దూ’ చిత్రము విడుదలైనపుడు న్యూయార్కు విలేఖరులు అతనిని సభలో నిలదీసిరి. అపుడు అతని పక్షమున లేచి మాటాడినవాడు జేమ్స్ ఏజీ యను రచయిత. వారి స్నేహము ఆ పిమ్మట గాఢమయ్యెను.

1952లో చాప్లిన్ ‘లైమ్‌లైట్’ చిత్రమును ముగించి, దాని ప్రదర్శనకై లండను పోదలచెను. అది జనాదరణ కోల్పోయిన ఒక ముసలి హాస్యనటుని కథ. దేశము విడిచినచో తిరిగి రానిత్తురో లేదోయని సంశయించి ముందుగనే అనుమతిపత్రము కోరెను. అధికారులు ఇంటికి వచ్చి, ప్రశ్నలపై ప్రశ్నలు వేసి, తుదకు పత్రమిచ్చిరి.

సెప్టెంబరు 17వ తేదీన భార్య ఊనాతోను, నలుగురు బిడ్డలతోను ‘క్వీన్ ఎలిజబెత్’ ఓడలో న్యూయార్కు వీడవలసియుండెను. ఒక దావా విషయమున సమను అందజేయుటకు కోర్టువారి మనిషి వెదకుచుండుటచే, చాప్లిన్ వేకువ 5 గంటలకే ఓడ యెక్కి గదిలో దాగియుండెను. భార్యాబిడ్డలతో పైతట్టున నిలిచి రేవు దూరమగుట చూడవలెనని ఎన్నాళ్ళనుండియో కోరుకొన్నవాడు తలుపు మూసికొని కూర్చుండవలసివచ్చెను. ఇంతలో ఏజీ సాగనంప వచ్చెనని ఊనా తెలిపెను. గుండ్రని కిటికీనుండి చూడగా, ఎండలో, జనసమూహమునకు కొంచెమెడముగా మిత్రుడు నిలిచి ఓడనంతయు వెదకుచుండెను. చాప్లిన్ టోపీ పట్టిన చేయి వెలుపలికి చాచి ఊపెను. మరల మరల ఊపెను. ఏజీ చూపు మాత్రము ఇతర కిటికీలపై తిరుగుచుండెను. అతనికి ఆ చేయి కనబడనేలేదు. ఓడ కదలిపోయెను.

రెండు దినములకు సముద్రమధ్యమున వార్త వచ్చెను. అటార్నీ జనరల్ మక్‌గ్రానెరీ ఆ అనుమతిపత్రమును రద్దుచేసెను. తిరిగి రాదలచినచో రాజకీయములను, నడవడిని గూర్చి విచారణకు లోబడవలెను. పత్రమిచ్చినప్పుడు అడుగని సంగతి ఏమి మిగిలెనో, అది ఆ ప్రభుత్వమునకే తెలియవలెను. ఆస్తియంతయు అమెరికాలోనే యుండుటచే చాప్లిన్ తొందరపడి నోరు జారలేదు. నవంబరులో, అమెరికా పౌరురాలగు ఊనా ఒంటరిగ వెళ్ళి డబ్బు వ్యవహారములు చక్కబెట్టి వచ్చెను. ఆమె మరలివచ్చువరకు అతనికి కుదురులేకపోయెను.

1953 జనవరిలో వారు స్విట్జర్లాండులోని వెవే పట్టణము చెంత కాపురము పెట్టిరి. ఏప్రిల్ నెలలో జెనీవాలో అతడు తన పత్రమును స్వయముగ అమెరికా వారికి తిరిగి ఇచ్చివేసెను. ఆ యేడే మన ప్రధాని నెహ్రూ స్విట్జర్లాండు వచ్చినపుడు చాప్లిన్ ఇంట అతిథియయ్యెను. మరుసటి యేట ఊనాయు అమెరికా పౌరసత్వము వదలుకొనెను.

1955 మే నెలలో జేమ్స్ ఏజీ న్యూయార్కులో గుండెపోటుతో మరణించెను. అతనికి 45 ఏండ్లు. రేవులోని ఆ ఉదయము తరువాత స్నేహితులిరువురును మరల కలిసికొనలేదు.

1972లో అమెరికా చలనచిత్ర అకాడమీ గౌరవపురస్కారమిచ్చి చాప్లిన్‌ను పిలిచెను. 20 ఏండ్లకు, 82 ఏండ్ల వృద్ధుడై అతడు న్యూయార్కులో దిగెను. లాస్ ఏంజెలిసు సభలోనివారందరు లేచి నిలిచి చాలసేపు కరతాళధ్వనులు చేసిరి. అతని కన్నులు చెమర్చెను. ‘లైమ్‌లైట్’ ఆ నగరమున తొలిసారి ఆడినదియు ఆ యేడే; దాని సంగీతమునకు మరుసటి యేట ఆస్కారు లభించెను. 1977 క్రిస్మసునాడు వెవే చెంతనున్న ఆ యింటనే చాప్లిన్ కన్నుమూసెను.