కుట్టువిద్యను పంచిన సాల్వసియోన్ లిమ్

ఫిలిప్పీన్స్ దేశంలోని లెగాస్పి పట్టణంలో 1920లో సాల్వసియోన్ లిమ్ జన్మించారు. మనీలాలో చిత్రకళ అభ్యసిస్తుండగా యుద్ధం ముంచుకువచ్చి చదువు ఆగిపోయింది. 1945 నాటి పోరులో మనీలా నగరం చాలావరకు నేలమట్టమైంది.

నగరం ఇంకా కోలుకోకముందే, 1947లో, ఆమె అక్కడ దుస్తుల దుకాణం తెరిచారు. తన పేరులోని ఎస్, లిమ్ కలిపి దానికి 'స్లిమ్స్' అని పేరు పెట్టారు. కుంచె పట్టవలసిన చేయి కత్తెర పట్టింది. 'తెర్నో' అనేది అక్కడి స్త్రీలు వేడుకలకు ధరించే గౌను. దాని చేతులు సీతాకోకచిలుక రెక్కల్లా నిలబడి ఉంటాయి. ఆ చేతుల అందం చెడకుండా గౌనును కొత్త కత్తిరింపులతో, కొత్త మడతలతో ఆమె తీర్చిదిద్దారు.

చేతిపనిలోని మెళకువలు చాలాసార్లు పనివారితోనే అంతరించిపోతాయి. ఆమె మాత్రం దాచుకోలేదు. 1960లో సోదరి పురిఫికాసియోన్‌తో కలిసి పాఠశాల స్థాపించారు. తర్వాతి కాలంలో దుబాయిలో పేరు గడించిన డిజైనర్ మైకేల్ సింకో ఆ పాఠశాల విద్యార్థే.

వివాహానంతరం లిమ్ హిగ్గిన్స్‌గా పేరొందిన ఆమె 1990లో కన్నుమూశారు. పాఠశాలను ఆమె సంతానం కొనసాగించారు. ఉద్యోగానికి విరమణ ఉంటుంది గాని, ఇతరులకు నేర్పిన విద్యకు ఉండదని ఆమె జీవితం మనకు చెబుతోంది.