సర్ థామస్ మన్రో

1761లో స్కాట్లండులో జన్మించిన మన్రో 1800 నుండి 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండెను. వానకు మొగము వాచిన ఈ మెట్టనేలలకు శిస్తు మిక్కుటమనియు, నూటికి 25 వంతులు తగ్గింపవలెననియు తన పైవారికే వ్రాసెను. వారు నాడంగీకరింపలేదు. తాను మద్రాసు గవర్నరైన పిదపనే తగ్గింపు జరిగెను.

అనంతపురము నాడు బళ్ళారి జిల్లాలోనిది. 1822లో ఆ జిల్లా సబ్‌కలెక్టరొకడు క్రైస్తవ గ్రంథములు పంచి, మతబోధకు పూనుకొనెను. మన్రోయు క్రైస్తవుడే. అయినను, బోధించుటకు మిషనరీకిగల స్వేచ్ఛ అధికారికి లేదనియు, అతని మాట ప్రజలకు ప్రభుత్వపు మాటగా తోచుననియు నిష్కర్షగా ఆక్షేపించెను. శిస్తు వసూలు చేయువాడే బోధకుడైనచో రైతు కాదనగలడా? కాదను వీలున్నప్పుడే గదా సత్యబోధ ప్రేమ యగుట!

1827 జూలై 6న పత్తికొండలో కలరాచే మరణించిన ఆయనను గుత్తిలో ఖననము చేసిరి. సీమ రైతులు బిడ్డలకు మన్రోలప్ప యని పేరిడుకొనిరి.