యానుష్ కొర్చాక్: అనాథల ఆత్మబంధువు

తల్లిదండ్రులు లేని పసిబిడ్డను చూచినపుడు ఎవరికైనను జాలి కలుగును. పట్టెడన్నము పెట్టువారు, కట్టుబట్ట యిచ్చువారు ప్రతి గ్రామమునందును కలరు. కాని ఆ బిడ్డయే యెదిగి, శరణాలయపు వాకిలి దాటి లోకములోనికి అడుగిడునాడు వానివంక చూచువారు అరుదు. పండుగనాడు వాడు ఎవరి యింటికి పోవలెను? జ్వరము వచ్చినచో ఎవరికి చెప్పుకొనవలెను? పెండ్లి కుదిరినచో పెద్దదిక్కుగా ఎవరు నిలుతురు? ఈ ప్రశ్నలకు తన జీవితమునే సమాధానముగా నొసంగిన మహనీయుడు యానుష్ కొర్చాక్.

ఈయన 1878వ సంవత్సర ప్రాంతమున, నాడు రష్యా చక్రవర్తి యేలుబడిలోనున్న వార్సా నగరమున, ఒక యూదు కుటుంబమున జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిట్. యానుష్ కొర్చాక్ అనునది రచయితగా ఆయన ధరించిన పేరు. తండ్రి పేరు గల న్యాయవాది. కాని ఆయనకు మతి చలించి, దీర్ఘకాలము బాధపడి 1896లో మరణించెను. కలిగిన కుటుంబము పేదఱికమున పడెను. విద్యార్థి దశలోనే హెన్రిక్ ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పి ఇల్లు గడుపవలసి వచ్చెను. తండ్రి నీడ తొలగిన బాలుని దుఃఖము ఆయనకు పుస్తకములలో చదివి తెలిసికొన్నది కాదు.

1905లో వైద్య పట్టము పొంది, బాలల ఆసుపత్రిలో పనిచేసి, కొర్చాక్ మంచి వైద్యుడని పేరు గడించెను. ఆయన రచనలకును ఆదరణ లభించెను. ఆ దారినే సాగినచో సిరిసంపదలకు లోటుండెడిది కాదు. కాని మందులు రోగమును మాన్పగలవే గాని ఒంటరితనమును మాన్పలేవని ఆయన గ్రహించెను. 1912లో వార్సాలోని క్రొఖ్మాల్నా వీథిలో యూదు అనాథల కొఱకు క్రొత్తగా నిర్మించిన గృహమునకు అధిపతియై, ఆ భవనపు అటకమీది చిన్న గదిలో కాపురముండెను. వివాహము చేసికొనలేదు. స్టెఫానియా విల్చిన్‌స్కా అను విదుషీమణి ఆ గృహమునకు తల్లియై నిలిచెను. ప్రథమ ప్రపంచయుద్ధ కాలమున కొర్చాక్ సైన్యవైద్యుడుగా పోవలసి వచ్చినపుడు గృహభారమంతయు ఆమెయే మోసెను.

సుమారు 100 మంది బాలబాలికలు అచట పెరుగుచుండిరి. అన్నవస్త్రములు, చదువు ఇతర శరణాలయములును ఇచ్చెడివి. మనిషికి మనిషి తోడగు విధమును నేర్పుట ఈ గృహపు విశేషము. క్రొత్తగా వచ్చిన బిడ్డకు మొదటి మూడు నెలలు తోడుగా నుండుటకు ఆ గృహములోని పెద్దపిల్లలలో ఒకరిని నియమించెడివారు. క్రొత్తవాడు తన తప్పొప్పులను, దిగులును ఒక పుస్తకములో వ్రాయగా, పెద్దవారు దాని క్రిందనే బుద్ధులు చెప్పుచు వ్రాసెడివారు. తగవులను పిల్లలే న్యాయాధిపతులై తీర్చెడివారు. ఆ న్యాయసభయొక్క నియమములలో శిక్షించునవి కొన్నియే, క్షమించునవి పెక్కు. కొర్చాక్ సైతము ఆ సభ యెదుట ముద్దాయిగా నిలిచెను; అర్ధసంవత్సర కాలములో ఐదు మారులు నిలిచెను. తమ మాటకు పెద్దలును జవాబుదారులని తెలిసిన బిడ్డకు పెద్దలపై నమ్మకము కుదురును గదా! తల్లియో బంధువులో మిగిలియున్న పిల్లలు శనివారములందు వారిని చూచివచ్చెడివారు. ఉన్న బంధుత్వమును త్రెంచుట ఆ గృహపు పద్ధతి కాదు.

అయినను 14 ఏండ్లు నిండినంతనే గృహమును విడువవలెనను నియమముండెను. ఆ వయస్సు బాల్యమును కాదు, యౌవనమును కాదు. చేతిలో పని లేదు, వెనుక ఇల్లు లేదు. వీడ్కోలు దినములు కొర్చాక్‌కు మిక్కిలి బాధాకరములు. తాము ఇచ్చినది స్వల్పమని ఆయన పిల్లలతో దాచక చెప్పెడివాడు. 1923లో ఆ గృహమునకు అనుబంధముగా పెద్దపిల్లలకు ఒక వసతి ఏర్పడెను. అందు నివసించు యువతీయువకులు దినమున కొన్ని గంటలు చిన్నపిల్లల సేవ చేసి, మిగిలిన కాలమున పైచదువులు చదువుకొనిరి. నిన్నటివఱకు పోషణ పొందినవారిలో కొందఱు ఇట్లు పోషించువారైరి. దూరదేశములకు వలసపోయినవారికి స్టెఫానియా ఉత్తరములు వ్రాయుచుండెను. 1934లోను, 1936లోను కొర్చాక్ పాలస్తీనాకు పోయినపుడు, అచట స్థిరపడిన పూర్వపు పిల్లలను చూచివచ్చెను. ఇల్లు విడిచినను బంధము విడువలేదన్నమాట.

1939లో జర్మనీ పోలెండుపై దండెత్తెను. 1940లో నాజీలు యూదులనందఱను ఒక వాడలో చేర్చి, చుట్టును గోడ కట్టి బంధించిరి. శరణాలయమును అందులోనికి తరలింపవలసి వచ్చెను. ఆకలి, అంటురోగములు విజృంభించిన ఆ వాడలో వృద్ధుడైన కొర్చాక్ సంచి భుజమున వేసికొని, గడపగడపకును తిరిగి పిల్లల కొఱకు యాచించెను. 1942 జూలైలో ఆ పిల్లలు మన రవీంద్రనాథ ఠాగూరు రచించిన 'పోస్టాఫీసు' నాటకమును ప్రదర్శించిరి. కన్నవారు లేక పరుల యింట పెరుగుచు, జబ్బుపడి, కిటికీ దగ్గఱ కూర్చుండి రాజుగారి జాబు కొఱ కెదురుచూచు బాలుని కథ యది. ఆ కథలో వారు తమ్ము తాము చూచుకొనియుందురు.

ఆగష్టు మొదటి వారమున సైనికులు వచ్చిరి. కొర్చాక్‌ను దాచి రక్షింపగోరిన మిత్రులు లేకపోలేదు. ఆయన అంగీకరింపలేదు. సుమారు 200 మంది పిల్లలతోను, స్టెఫానియా మున్నగు సహచరులతోను నడచి రైలు ఎక్కెను. ట్రెబ్లింకా మరణశిబిరమునుండి వారెవ్వరును తిరిగి రాలేదు. అంతకుముందే ఆ గృహమునుండి వెడలి బ్రదికిన పూర్వపు పిల్లలు ఆయనను మఱువలేదు. వారిలో ఇట్‌జాక్ బెల్ఫర్ అను చిత్రకారుడు వార్ధక్యము వఱకును ఆ గురువును, ఆ గృహమును చిత్రించుచునే యుండెను.

పాఠకమహాశయులారా! మన దేశమున 2015వ సంవత్సరపు బాలల న్యాయ చట్టము, 18 ఏండ్లు నిండి సంరక్షణాలయమును వీడు యువజనులకు ధనసహాయము చేయవచ్చునని చెప్పుచున్నది. ధనము ప్రభుత్వము ఈయగలదు. పండుగకు పిలుచు ఇల్లు, పేరుపెట్టి పలుకరించు పెద్ద, కష్టసుఖములు వినిపించుకొను చెలికాడు, ఇవి చట్టమువలన లభించునవి కావు. మన గ్రంథాలయమునకు సాయంకాలమున వచ్చి, దీపములార్పు వేళవఱకు కదలక కూర్చుండు కుఱ్ఱవాడు చదువునందలి ఆసక్తిచేతనే యుండవచ్చును. పోవుటకు వేఱొక చోటు లేకయు నుండవచ్చును. పుస్తకము వానిచేతి కిచ్చునపుడు ఒక మాట కుశలమడుగుడు. మఱునాడు వాడు రానిచో ఏల రాలేదని విచారింపుడు. కొర్చాక్ గృహమున పెద్దపిల్లలు చిన్నవారికి మొదటి మూడు నెలలు చేసిన సేవ యిట్టిదే. అది మనలో ప్రతివారికిని సాధ్యమైనదే.