కొమర్రాజు లక్ష్మణరావుగారు - యువజన గ్రంథాలయము

కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు 1877 మే 18వ తేదీన నాటి కృష్ణాజిల్లాలోని పెనుగంచిప్రోలునందు జన్మించిరి. పసితనముననే తండ్రి గతించుటచే సవతియన్నగారగు శంకరరావుగారి ప్రాపున భువనగిరిలో కొంతకాలముండి, పిమ్మట నాగపురములో అక్కగారింట పెరిగిరి. ఆ అక్కగారే తెలుగు సాహిత్యమున ప్రసిద్ధురాలైన భండారు అచ్చమాంబగారు. బావగారు మాధవరావుగారు అచ్చట ఇంజనీరు.

నాగపురము ఆనాడు మధ్యపరగణాలకు ముఖ్యపట్టణము. ఛత్తీస్‌గఢ ప్రాంతమును ఆ పాలనలోనిదే. 1891లో బెంగాల్-నాగపూర్ రైలుమార్గము బిలాసుపురము మీదుగా అసన్‌సోలు వరకు సాగినది. ఆ మార్గమువెంట ఉద్యోగార్థము వచ్చి నిలిచిన తెలుగువారి సంతతి బిలాసుపురపు రైల్వేపేటలలో నేటికిని కలదు. మన చరిత్రకారులు లక్ష్మణరావుగారి కృషిని హైదరాబాదునుండియే ఆరంభించి చెప్పుట పరిపాటి. దానికి పూర్వము మరాఠీ, హిందీ ప్రాంతముల నడుమ గడచిన కాలమును ఒకటి రెండు వాక్యములతో దాటవేయుచున్నారు. ఇది సరిగాదని నా యభిప్రాయము. ఆయన మరాఠీ పత్రికలకు వ్యాసములు వ్రాసిరి. మోరోపంతు కావ్యముల ప్రకటనలో పనిచేసిరి. మహారాష్ట్రులు తమ భాషలో చరిత్రమును, శాస్త్రములను వ్రాసికొనుచుండుట కన్నులార చూచిరి. తెలుగునకు ఏమి కొఱవడినదో ఆయనకు తెలుగుదేశము వెలుపలనే తెలిసినదనవచ్చును.

అచ్చమాంబగారి చదువును ఇచ్చట స్మరింపవలసినది. ఆమెకు బడి లేదు. తమ్ముడు చదువుకొనుచుండగా తానును కూర్చుండి తెలుగు, హిందీ నేర్చికొనెను. 1901లో అబలాసచ్చరిత్ర రత్నమాలను ప్రకటించెను. 1905లో ముప్పదియేండ్ల ప్రాయముననే మరణించెను. పుస్తకములు అందుబాటులో నుండి, ప్రక్కన చదువువారొకరున్నచో బడిలేని వారికిని విద్య అబ్బునని లక్ష్మణరావుగారికి తెలుపుటకు వేరు నిదర్శనము అక్కరలేకపోయెను. తరువాత తమ కుమార్తెకు అక్కగారి పేరే పెట్టుకొనిరి. ఆ కుమార్తె వైద్యురాలై, 1957లో విజయవాడనుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను.

1900లో బి.ఏ. పరీక్షయందు ఉత్తీర్ణులై, మునగాల రాజావారగు నాయని వేంకటరంగారావుగారి సంస్థానమున ఆయన దివానుగా చేరిరి. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. దాని స్థాపకులలో ముఖ్యుడగు లక్ష్మణరావుగారికి అప్పటికి 24 ఏండ్లు. కలకత్తా విశ్వవిద్యాలయపు ఎం.ఏ. పట్టము ఇంకను రాలేదు. అది 1902లో వచ్చినది. కాబట్టి తెలంగాణమున తొలి తెలుగు గ్రంథాలయములలో ఒకటగు ఈ నిలయమును స్థాపించినవారిలో ఒకరు నాటికి విద్యార్థియే. నిజాము రాజ్యములో రాజవ్యవహారమంతయు ఉర్దూలో జరుగుచుండెను. తెలుగు చదువదలచిన యువకునకు గ్రంథాలయమే బడి, గ్రంథాలయమే సభ. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయమును ఏర్పడినవి.

అయితే బీరువాలు నిలిపినంతనే పని ముగియలేదు. అందు పెట్టుటకు ఏమున్నవి? కావ్యములు, పురాణములు, శతకములు, నాటకములు కలవు. దేశచరిత్రమును గాని, రసాయనమును గాని, ఆర్థికవిషయములను గాని తెలుగున తెలిసికొనగోరిన యువకునకు ఇచ్చుటకు గ్రంథములు మిక్కిలి తక్కువ. ఈ కొఱతను తీర్చుటకే 1906లో విజ్ఞానచంద్రికా మండలి పుట్టినది. రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావుగార్లు తోడ్పడిరి. 1907లో వెలువడిన మొదటి గ్రంథము హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రము. 1908లో మండలి చెన్నపురికి తరలినది. ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము, చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము, కట్టమంచి రామలింగారెడ్డిగారి అర్థశాస్త్రము ఈ మండలి పక్షముననే వెలువడినవి. లక్ష్మణరావుగారు స్వయముగా శివాజీ చరిత్రమును, హిందూ మహాయుగమును, మహమ్మదీయ మహాయుగమును వ్రాసిరి. పాఠకుని ముందు కూర్చుండబెట్టి, అతడు అడుగబోవు గ్రంథమును పిమ్మట వ్రాయించుట ఆయన పద్ధతి. గ్రంథాలయోద్యమచరిత్రలో ఈ వరుసకు తగినంత ప్రాముఖ్యము లభింపలేదు. 1914లో బెజవాడలో అయ్యంకి వేంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరుగునాటికి, పంచిపెట్టుటకు తెలుగున శాస్త్రగ్రంథములు కొన్నియైన సిద్ధమై యుండెను.

నేడు ఈ సంబంధము తలక్రిందైనది. సర్కండాలో యువకులు నెలకింత యని రుసుము చెల్లించి కూర్చుండు గదులకు లైబ్రరీలని పేరు. వానిలో బల్ల, దీపము, నిశ్శబ్దము కలవు. పుస్తకములు చదువువాడే తెచ్చుకొనును. హైదరాబాదు చిక్కడపల్లి గ్రంథాలయము ప్రభుత్వముదైనను, అచ్చటను ఉద్యోగపరీక్షలకు సిద్ధపడువారే నిండియుందురు. వీరిని ఎగతాళి చేయుట నాకు సమ్మతము గాదు. అద్దెగదిలో నలుగురితో నుండు పేదవిద్యార్థికి కుర్చీయే పెద్దయుపకారము. 1901లోను రంగారావుగారు ముందుగా ఇచ్చినది తమ యింటిలో చోటే. అప్పటి యువకుడు తనకు తెలియనిదానిని వెదకుచు వచ్చెను. ఇప్పటివాడు పాఠ్యప్రణాళికను చేతబట్టుకొని వచ్చుచున్నాడు. ఆ ప్రణాళికకు వెలుపలి గ్రంథమొకటి అతని బల్లపై నుంచు బాధ్యత ఎవరిదో నేటి గ్రంథాలయములు నిర్ణయించుకొనలేదు.

లక్ష్మణరావుగారు అట్టి బాధ్యతను అంతకంతకు పెంచుకొనిరి. ఆంధ్ర విజ్ఞానసర్వస్వమును చేపట్టి, పండితులచే వ్రాయించుచు, పెక్కు వ్యాసములు తామే వ్రాయుచు, మూడు సంపుటములు వెలువరించిరి. వర్ణమాలలోని తొలి యక్షరములే పూర్తికాలేదు. ఉబ్బసము బాధించుచుండెను. 1919లో కందుకూరి వీరేశలింగముగారు కన్నుమూసినది చెన్నపురిలో వీరి వేదవిలాసమను ఇంటనే. 1923 జూలై 12వ తేదీన అదే యింట లక్ష్మణరావుగారును 46వ యేట దివంగతులైరి. విజ్ఞానసర్వస్వపు పనిని తరువాత కాశీనాథుని నాగేశ్వరరావుగారు చేపట్టిరి.