సీసా వదిలినా వదలని స్వభావం

తాగుడు మాన్పించే ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన మనిషికి అసలు పరీక్ష ఆ రోజే మొదలవుతుంది. ఒంట్లోని విషం దిగిపోతుంది గాని, స్వభావం అతని వెంటే ఇంటికి వస్తుంది. ఆల్కహాలిక్స్ అనానిమస్ సహవాసాన్ని ప్రారంభించిన ఇద్దరిలో ఒకడైన బిల్ విల్సన్ జీవితమే ఇందుకు సాక్ష్యం.

1895లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో పుట్టిన బిల్, తల్లిదండ్రులు విడిపోవడంతో తాతగారింట పెరిగాడు. ఆస్ట్రేలియా వాళ్లు తప్ప ఎవరూ బూమరాంగ్ చేయలేరని తాత అంటే, నెలల తరబడి కర్రలు చెక్కి, చేసి చూపించాడు. అందరికంటే ముందుండాలన్న ఆ తపనే అతణ్ణి న్యూయార్క్ షేర్ మార్కెట్‌కు నడిపింది. 1929లో మార్కెట్ కూలింది. అప్పటికే తాగుడు ముదిరింది. భార్య లోయిస్ ఉద్యోగం చేసి ఇల్లు నెట్టుకొచ్చింది. 1934 డిసెంబరులో, టౌన్స్ ఆసుపత్రిలో నాలుగవసారి చేరినప్పుడు, అతడు దేవునికి మొరపెట్టాడు. ఆ తరువాత మళ్లీ తాగలేదు.

అయినా పాత తపన పోలేదు. తాగుబోతులందరినీ తానే మార్చాలని నెలల తరబడి తిరిగాడు. ఒక్కరూ నిలబడలేదు. ప్రసంగాలు తగ్గించి, ఈ జబ్బు సంగతి చెప్పమని డాక్టర్ సిల్క్‌వర్త్ హితవు పలికాడు.

1935 మేలో ఏక్రన్ నగరంలో వ్యాపారం బెడిసికొట్టింది. హోటల్లో ఒంటరిగా నిలబడ్డాడు. ఒక పక్క బార్, మరో పక్క టెలిఫోన్. ఫోన్ అందుకుని ఒక పాదిరిగారిని పిలిచాడు. తాను నిలబడాలంటే తనవంటి మరో తాగుబోతుతో మాట్లాడాలని అప్పటికి గ్రహించాడు. అలా డాక్టర్ బాబ్ స్మిత్ దొరికాడు. ఈసారి బిల్ ఉపదేశించలేదు, తన కథ చెప్పుకున్నాడు. ఆ జూన్‌లో బాబ్ కూడా తాగుడు మానాడు.

1939లో వెలువడిన వారి పుస్తకంలోని 12 మెట్లలో మద్యం ప్రస్తావన మొదటి మెట్టులోనే ఉంది. తన లోపాలను లెక్క రాసుకోవడం, వాటిని దేవుని ఎదుట, మరొక మనిషి ఎదుట ఒప్పుకోవడం, నొప్పించినవారితో సరిచేసుకోవడం, రోజూ తన్ను తాను పరీక్షించుకోవడం తరువాతి మెట్లు.

1944 నుండి ఏళ్ల తరబడి తీవ్రమైన కుంగుబాటు అతణ్ణి వేధించింది. అయినా తాగలేదు. వైద్యుల సాయం తీసుకున్నాడు. 1954లో యేల్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇస్తానంటే వద్దన్నాడు. పేరు కోసం పరుగెత్తిన మనిషికి అది చిన్న విజయం కాదు. సిగరెట్టు మాత్రం చాలాకాలం వదలలేకపోయాడు. ఊపిరితిత్తులు పాడై 1971లో కన్నుమూసేనాటికి, మద్యం ముట్టక 36 ఏళ్లు నిండాయి.

ప్రియులారా, చికిత్స ముగించుకుని వచ్చిన సహోదరునికి కోపం, గర్వం, దిగులు ఇంకా ఉన్నాయని విసుగుకోవద్దు. దిగులు ముదిరితే వైద్యుని దగ్గరకు తీసుకెళ్లండి. అతడు అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎత్తండి.