విహంగ విజ్ఞాని సాలిం అలీ

సాలిం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి, మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగారు. బాల్యంలో ఒకనాడు ఆయన ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టగా, దాని కంఠంపై పసుపుపచ్చని మచ్చ కనిపించింది. అది ఏ జాతిదో తెలుసుకోవడానికి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి వెళ్ళారు. ఆ సందేహమే ఆయన జీవితానికి దారి చూపింది.

జర్మనీలో ఆచార్య స్ట్రెస్‌మన్ వద్ద శిక్షణ పొంది, 1930లో స్వదేశానికి తిరిగివచ్చేసరికి ఆయనకు ఉద్యోగం లేదు. విశ్వవిద్యాలయ పట్టా సైతం లేదు. అయినను నిరాశ చెందలేదు. ఖర్చులు భరిస్తే చాలు, జీతం లేకుండానే సంస్థానాలలోని పక్షులను పరిశీలిస్తానని ముందుకు వచ్చారు. నిజాం ప్రభుత్వం అంగీకరించింది. 1931-32లో హైదరాబాదు సంస్థానంలో పర్యటించి, పక్షుల వివరాలను శాస్త్రీయంగా నమోదు చేశారు.

అన్నివేళలా అండగా నిలిచిన భార్య తెహ్మినా 1939లో మరణించారు. ఆ దుఃఖాన్ని దిగమింగి, 1941లో భారతీయ పక్షులపై గ్రంథం వెలువరించారు. సామాన్యులకు పక్షులను గుర్తించడం నేర్పిన గ్రంథమది. 1976లో పద్మవిభూషణ్ పొందిన ఆయన 1987 జూన్ 20న కన్నుమూశారు.

శీతాకాలపు ఉదయాలలో బడంగ్‌పేట్, ఇబ్రహీంపట్నం పరిసరాల చెరువుగట్లపై నడుస్తూ వలస బాతులను లెక్కించేవారు ఆయన వేసిన బాటలోనే నడుస్తున్నారు. అయితే చెరువు నిలిచిననాడే పక్షి వస్తుంది.